చల్లని బిళ్ళ

టీ వేడిగా ఉందని పొగను చూసి తెలుసుకున్నాను, వేళ్ళు చెప్పలేదు. అందరూ గ్లాసు అంచును రెండు వేళ్ళతో పట్టుకుని ఊదుకుంటూ తాగుతుంటే నేనొక్కదాన్నే గుప్పిట నిండా పట్టుకుని కూర్చున్నాను. టీ తెచ్చిన నాగేష్ చూసి నవ్వాడు. "ఏమత్తా, కాల్తాండ్లేదా నీకి? ఇనుప సెయ్యేమో పో" అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వు మూతి దగ్గరే ఆగిపోయింది. ఒక గుక్క తాగితే నాలుక చుర్రుమంది. నాలుకకు తెలిసింది, పెదవికి తెలిసింది. గ్లాసును ఎడమ చేతికి మార్చాను. ఎడమ చెయ్యీ అంతే. బొటనవేలితో మిగతా వేళ్ళను రుద్దుకుంటే పక్కింటామె వేళ్ళు రుద్దుతున్నట్టుంది. ఈరన్నా, ఉరుకుంద ఈరన్నా, ఇదేం గాచారం తండ్రీ! ఇంకో గంటలో ఈ చేత్తోనే కదా నేను దేగిసా గిన్నెలో చల్లటి బిళ్ళను వెతకాల్సింది.

"ఏం ల్యాదత్తా. దేగిసాలో సెయ్యి పెట్టి సల్లగా తగిలేది తియ్యి. అంతే." దినేష్ చెప్పింది ఆ ఒక్క మాటే. పొద్దున కోసిగి బస్సు దిగిన నన్ను ఆదోని బస్టాండు నుంచి బండి మీద ఎక్కించుకుని వస్తూ, ముందుకు చూస్తూ చెప్పాడు. మొహం చూసి చెప్పలేక బండి మీద చెప్పాడని నాకు తెలుసు. చిన్నప్పుడు పలక పగలగొట్టుకుని వచ్చినా నా వీపు వెనక నిలబడే చెప్పేవాడు. వాడు నా తమ్ముడు బజారి కొడుకు. బజారి, వాడి పెండ్లాం ఏటా సుగ్గికి పోయేవాళ్ళు. మా వైపు వాన మొహం చాటేస్తే ఊళ్ళకు ఊళ్ళు ఇళ్ళకు తాళాలు వేసుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతాయి, దానికే సుగ్గి అని పేరు. పిల్లోడి చదువు చెడిపోతుందని నేను వెనక ఆగి, వాడికి ఇంత ముద్ద కలిపి పెట్టి బడికి పంపేదాన్ని. నా కడుపున పుట్టకపోయినా నా చేతిలో పెరిగాడు. ఆ చేతినే ఇప్పుడు అడుగుతున్నాడు. కాదనడానికి నోరు రాలేదు. గాలికి మాట వినపడనట్టు ఊరుకుంటే వాడు దాన్నే ఒప్పుకోలు అనుకున్నాడు. ఇద్దరికీ భయమే, ఒకరికొకరం చెప్పుకోలేదు.

ఈ ఆవరణ ఒకప్పటి పత్తి మిల్లుది. మిల్లు మూతపడి ఎన్నేళ్ళయిందో గానీ ముళ్ళకంచెకు ఇంకా పత్తి పోగులు చిక్కుకునే ఉన్నాయి. రేకుల నీడన కుర్చీలు వేశారు, జనం వస్తూనే ఉన్నారు. దేవనకొండ వైపు భజన వాళ్ళు, పెళ్ళి మేళాల వాళ్ళు, చర్చిల్లో పాడేవాళ్ళు, మంత్రాలయంలో లాడ్జీల ముందు హార్మోనియం పెట్టుకుని కూర్చునే ఒక ముసలాయన. వీళ్ళలో ఎవరికీ కొత్త వాయిద్యం కొనే తాహతు లేదు, ఆశ మాత్రం ఎప్పటికప్పుడు కొత్తదే. అది కనిపెట్టాడు మా దినేష్. విడిపోయిన ఆర్కెస్ట్రాల కీబోర్డులు, మూలన పడ్డ డోలకులు, పిల్లి ఈనిన హార్మోనియం పెట్టెలు, మైకు సెట్లు కొనుక్కొచ్చి, తుడిచి, బిగించి, వాయించి, ఆ వీడియో ఫోన్లో పెడతాడు. కావాలన్న వాళ్ళు కూపన్లు తీసుకుంటారు. ఆదివారం మధ్యాహ్నం అందరి ముందరా లక్కీ డ్రా. తగిలినవాడు సామాను నెత్తిన పెట్టుకుని పోతాడు, తగలనివాడు నొసలు కొట్టుకుని ఇంకో కూపన్ తీసుకుంటాడు. డోలక్ తగిలిన రోజు దేవనకొండ వాళ్ళు బస్టాండు దాకా వాయించుకుంటూనే పోయారు, నేనూ ముసలిదాన్ననే సిగ్గు లేకుండా వాళ్ళ వెనకే కొంత దూరం నడిచాను. అప్పుడంతా నిజమే జరిగింది. నిజం జరిగినప్పుడు ఎంత బాగా ఆకలి వేసేదో! డ్రా అయిపోగానే దినేష్ నాకు బొరుగుల ఒగ్గాణి, మిరపకాయ బజ్జీ తెచ్చేవాడు, రెండు ప్లేట్లు తినేదాన్ని. ఇవాళ పొద్దుట్నుంచి ముద్ద దిగలేదు.

నా చేతికి పేరుంది. ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. ఎవరో ఒకసారి నాతో తొలి విత్తనం వేయించారు, ఆ ఏడు పంట విరగపండింది, ఇక తిప్పమ్మ చెయ్యి మంచిది అన్నారు. మా ఆయన రామన్న పోయాక ముండమోపి చెయ్యి మంచిదెట్లా అవుతుందని మూతి తిప్పిన వాళ్ళే, విత్తనాల రోజుకు మళ్ళీ నా గడప ముందుకు వచ్చారు. దినేష్ పెద్దవాడయ్యాక నేనూ సుగ్గికి పోవడం మొదలుపెట్టాను, అక్కడా ఈ చెయ్యి వదల్లేదు. మిరప చేలో కాలువ పక్క సాళ్ళకు కాయ దట్టం, గట్టు పక్క పలచన. ఎవరికి ఏ సాళ్ళు అని పొద్దున్నే తగాదా. అందుకని ప్రతి కుటుంబం ఒక గుర్తు ఇస్తుంది, గాజు ముక్కో, చింతగింజో, చొక్కా గుండీనో. అన్నీ తువ్వాలు మూటలో వేసి నేను కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే తీస్తాను. ముందు వచ్చిన గుర్తుకు మంచి సాళ్ళు. గట్టు పక్క పడ్డ వాళ్ళు కూడా నన్ను పల్లెత్తు మాట అనలేదు. దినేష్ ఆ కథంతా విని, "అబద్దమాడని సెయ్యి, మా తిప్పమ్మత్త సెయ్యి" అని నా చేతి ఫొటో ఫోన్లో పెట్టుకున్నాడు. అబద్ధమాడేది నోరు కదరా, చెయ్యి ఎట్లా ఆడుతుంది అని ఎగతాళి చేశాను అప్పుడు. ఎట్లా ఆడుతుందో ఇవాళ నేర్చుకోబోతున్నాను.

మొదటి వారం చేతులు ఎట్లా మండుతాయో సుగ్గికి పోనివాళ్ళకు చెప్పలేం. పండు మిరపకాయ కారం గోళ్ళ సందుల్లోకి పోతుంది, రాత్రి తడి మట్టిలో వేళ్ళు గుచ్చుకుని పడుకుంటాం, పొరపాటున కన్ను నలుపుకుంటే తెల్లవార్లూ ఏడుపే. ఈసారి ఒక పొద్దున లేచి చూస్తే మంట లేదు. చేతులు రాటుదేలాయి పో అని ఎంత సంబరపడ్డానో. బుట్ట మీద బుట్ట నింపాను. ఉగాదికి ఊరికి వచ్చాక రొట్టె కాలుస్తూ పెనం అంచు పట్టుకుని, తోలు వాసన వచ్చాక చూసుకున్నాను. అదీ పట్టించుకోలేదు, పరధ్యానం అనుకున్నాను. పోయేటప్పుడు ఆ మంట నా చేతిలోంచి ఇంకేమేం పట్టుకుపోయిందో ఈ టీ గ్లాసు చెప్పేదాకా తెలియలేదు. సూది గుచ్చితే తెలుస్తుందా? చీర కొంగుకు పెట్టుకున్న పిన్నీసు తీసి చూపుడువేలి మీద నొక్కాను. చిన్న రక్తపు చుక్క వచ్చింది. నొప్పి రాలేదు. కొంగుతో తుడుచుకుని ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, దొంగతనం ఇంకా చేయకముందే తడుముకుంటున్నాను.

అదిగో, బల్ల మీద కీబోర్డు. నల్లగా, పొడుగ్గా, ప్లాస్టిక్ కాగితం చుట్టి, ఎర్ర రిబ్బను కట్టి పెట్టారు. గెలిచినవాళ్ళ చేతుల మీదుగానే విప్పాలి అని రాఘవేంద్ర మైకులో ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పాడో. ఆయన పెళ్ళిళ్ళలో పాటలకు ముందు మాటలు చెప్పేవాడు, ఏ మాటైనా పెళ్ళి మాటలాగే చెబుతాడు. పాపం ఆయనకు తెలియదు. తెలిసింది నాకు, దినేష్‌కు, నాగేష్‌కు. ఆ పెట్టె చచ్చిపోయింది. ఎమ్మిగనూరులో ఒక ఆర్కెస్ట్రా విడిపోతే దినేష్ పోయి తెచ్చాడు. తెచ్చినప్పుడు బాగుంది, వీడియోలో వీడే వాయించాడు, నేను కూడా విన్నాను, సన్నాయి అంటే సన్నాయి, వీణ అంటే వీణ, అన్నీ ఆ ఒక్క పెట్టెలోనే. కూపన్లన్నీ అయిపోయాక, కాలం కాని కాలంలో ఒక రాత్రి వాన కొట్టింది. మేం విత్తనం వేసి మొక్కితే రాని వాన. కొట్టు మీద రేకు పగిలి, నీళ్ళన్నీ తిన్నగా దాని మీదే. బాగుచేసేవాడు విప్పి చూసి తల అడ్డంగా ఊపాడట. మొన్న దినేష్ ఊరికి వచ్చి, నా వసారాలో కూర్చుని, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు వాడు. "నేను మోసం సేయాలనుకోల్యాదత్తా. వాన పడిందత్తా" అన్నాడు. మరి అందరికీ ఆ మాటే చెప్పు నాయనా అన్నాను. "కూపన్ల దుడ్లు ఎమ్మిగనూరోళ్ళకి ఇచ్చేస్తి. యాడ్నుంచి తెచ్చేది? కొడతారత్తా నన్ను. ఇట్లే డ్రా అని మోటరు బండ్లు పెట్టినోన్ని ఒగన్ని సూడల్యా, పండ్లు రాలగొట్టి టేసన్లో ఏసినారు" అన్నాడు. ఆ మనిషిని నేను చూడలేదు గానీ, అప్పట్నుంచి కళ్ళు మూసుకుంటే పండ్లు రాలిన నోరే కనపడుతోంది, అది దినేష్ నోరు.

అందుకని నాగేష్ గెలవాలి. నాగేష్ వీడి స్నేహితుడు, మిగతా ఉపాయమంతా నేను వచ్చాక వాడే చెప్పాడు. గెలిచి, ఇంటికి పోయి మంచి గడియలో విప్పుకుంటానని చెప్పి, ఆటోలో వేసుకుని పోతాడు, కథ కంచికి. చీటీలైతే మూల మడిచి గుర్తు పెట్టుకుంటారని జనం గొణిగితే, దినేష్ ఇనుప బిళ్ళలు చేయించాడు, అన్నీ ఒకే మందం, ఒకే బరువు, పైన రంగుతో నంబరు. మోసం జరగకూడదని చేయించినవే ఇప్పుడు మోసానికి అక్కరకొచ్చాయి. కాగితాన్ని మంచులో పెడితే తడుస్తుంది, ఇనుము పెడితే చల్లబడుతుంది. నాగేష్ నంబరు బిళ్ళ పొద్దుట్నుంచి ఆ సోడా బండి ఐసు పెట్టెలో ఉంది. మిగతావన్నీ దేగిసాలో ఎండకు పెనం మీది గింజల్లా కాగుతున్నాయి. నా కళ్ళకు గంతలు కట్టే ముందు, కూపన్ తీసుకున్న ఎవరైనా దేగిసాను కలపొచ్చన్న వంకతో నాగేష్ చెయ్యి పెట్టి దాన్ని లోపల వదిలేస్తాడు. చంటిపిల్ల కూడా కనుక్కుంటుంది ఏది చల్లనిదో. చంటిపిల్ల కనుక్కుంటుంది, నేను కనుక్కోలేను.

"అక్కా! తిప్పమ్మక్కా!" ఎవరో కాదు, సామ్సన్. వద్దు వద్దు అనుకుంటున్న మనిషే ఎదురుగా వచ్చి నిలబడ్డాడు, ఇస్త్రీ చొక్కా, తలకు నూనె. మా కోసిగి పక్క పల్లెవాడు, సుగ్గిలో మా పక్క గుడిసె. చొక్కా గుండీ వీళ్ళ గుర్తే. "మా సంగమోళ్ళంతా తలా ఒగ కూపన్ తీసుకోని అన్నీ నా పేరు మీదే రాయించినారక్కా. ఈ ఈస్టర్‌కి మా గుళ్ళో పెట్టె మోగాల. నీ సెయ్యి ఉండాదని ధైర్యం" అన్నాడు. వీడు సుగ్గిలో ఏం చేసేవాడో నాకు తెలుసు. కోత నుంచి వచ్చి స్నానం చేసి, ఒక చెక్క ముక్క మీద బొగ్గుతో తెల్ల మెట్లు, నల్ల మెట్లు గీసుకుని, దాని మీద వేళ్ళు ఆడించేవాడు. నోటితో రాగం, చేత్తో ఆట. చెక్క కదా, ఏం పలుకుతుంది! పలకని పెట్టెను ఎందుకు వాయిస్తావు సామ్సనా అని నేను నవ్వితే, "యేళ్ళు మర్సిపోగూడదక్కా" అనేవాడు. అదే మిరప చేలో, అదే కారంలో, వాడి వేళ్ళు మరిచిపోలేదు, నావి మరిచిపోయాయి. "మంచిది నాయనా, కూర్చో పో" అన్నాను. ఇంకేమంటాను! తేలు కుట్టిన దొంగను నేను.

గొంతు ఎండుతోందని సోడా బండి దగ్గరికి పోయాను. ఎండిన మాట నిజమే గానీ పోయింది అందుకు కాదు. సోడా ఒకటి ఇయ్యప్పా అంటే ఐసు పెట్టెలోంచి తీసి ఇచ్చాడు, సీసా నిండా చెమట పట్టినట్టు నీటి చుక్కలు. పట్టుకున్నాను. ఏమీ లేదు. గట్టిగా పట్టుకున్నాను. బరువు తెలిసింది, చల్లదనం తెలియలేదు. మెడకు ఆనించుకుంటే ఒళ్ళు జలదరించింది. అంటే మెడకు తెలుసు, చెంపకు తెలుసు, మణికట్టుకు ఆనిస్తే మణికట్టుకు కూడా తెలుసు. వేళ్ళ దగ్గరికి వచ్చేసరికి చీకటి. బిళ్ళలు ఒక్కొక్కటే తీసి చెంపకు ఆనించుకుంటే? ఇంతమంది ముందరా? పిచ్చిదనుకుంటారు, పిచ్చిదనుకుంటే బాగుండు. పిచ్చిదాన్ని డ్రా తీయమనరు. జ్వరమని పడిపోతే? పడిపోతే ఇంకెవరినో పిలుస్తారు, వాళ్ళు సామ్సన్‌ది తీస్తారో, ఆ మంత్రాలయం ముసలాయనది తీస్తారో, ఎవరిది తీసినా అక్కడే రిబ్బను విప్పుతారు, వాయిస్తారు, మోగదు. మోగకపోతే ఈ కుర్చీలన్నీ లేస్తాయి. మడిచే ఇనుప కుర్చీలు, మంచి బరువైనవి. నా కళ్ళు వాటి కాళ్ళ మీదే ఎందుకు పోతున్నాయి? మా దినేష్‌కు దెబ్బ తట్టుకునే ఒళ్ళు కాదు, చిన్నప్పుడు ముళ్ళు తీస్తానంటేనే కేకలు పెట్టేవాడు. ఇంకోపక్క ఈరన్న. మా వైపు ఎంత పెద్ద అబద్ధాలకోరైనా ఈరన్న మీద ఒట్టు వేయమంటే వెనక్కి తగ్గుతాడు. నేను ఒట్టు వేయలేదు తండ్రీ, అయినా నీకు ఒట్టు వేస్తేనే తెలుస్తుందా? ఈ వేళ్ళు తీసుకుపోయింది నువ్వేనా, ముందుగానే? ముందు నుయ్యి, వెనక గొయ్యి. సోడా తాగకుండానే సీసా ఇచ్చేశాను.

చెప్పాలి, వాడికి చెప్పాలి. దినేష్ జనంలో తిరుగుతున్నాడు, చెవిలో ఒక ఫోను, చేతిలో ఇంకో ఫోను, మొహం మీద కొట్టు బోర్డు లాంటి నవ్వు. చొక్కా వీపంతా తడిసిపోయింది. మోచెయ్యి పట్టుకుని ఆపాను.

"దినేషూ, ఒగ మాట."

"ఏమత్తా? బిర్న సెప్పు. లైవ్ పెట్టినారు."

"నా యేళ్ళకి ఏం తెలుస్తాండ్లేదురా."

వాడు నన్ను చూశాడు. చూసి, నా భుజం మీద చెయ్యి వేశాడు. "బయపడొద్దత్తా. బయపడితే అట్లే అనిపిస్తాది. నీ సెయ్యి నాకి తెలీదా?" అన్నాడు. "గాదురా, నిజంగానే..." అనేలోపే ఎవరో పిలిచారు, పోయాడు. నమ్మకం కూడా ఒక్కోసారి చెవుడే. వాడు నా చేతిని ఎంత నమ్మాడంటే నా నోటిని నమ్మలేదు. వాడి వెనక పరుగెత్తి, రేయ్, టీ గ్లాసు కాల్లేదురా, పిన్నీసు గుచ్చుకుంటే తెలియలేదురా అని అరవాలనిపించింది. అరిస్తే అందరూ వింటారు.

ఇంతలో రాఘవేంద్ర నా పేరు పిలిచాడు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొడుతుంటే భయం తగ్గుతుందంటారు, నాకు మిరప చేలో పిట్టల్ని తోలుతున్నట్టు వినపడింది, ఎగిరిపోవాలనిపించింది. వేదిక మెట్లెక్కాను. సామ్సన్ ముందు వరుసలో రెండు చేతులు జోడించి కూర్చున్నాడు, పెదవులు కదులుతున్నాయి. వాడు వాడి దేవుణ్ణి అడుగుతున్నాడు, నేను నా దేవుణ్ణి అడుగుతున్నాను, ఇద్దరి మొక్కూ ఒకేసారి తీరే దారి లేదు. నాగేష్ చెయ్యి పెట్టి దేగిసాను గలగలా కలిపాడు, నా వైపు చూసి కన్ను గీటాడు. ఎమ్మిగనూరు మగ్గం తువ్వాలు తెచ్చి నా కళ్ళకు కట్టారు. కొత్త గంజి వాసన. చీకటి. ఆ చీకటిలో నాకు చిన్న దినేష్ కనపడ్డాడు, పలక ముక్కలు వెనక దాచుకుని. అప్పుడు కొట్టలేదు నేను. ఒక్క దెబ్బ వేసి ఉంటే బాగుండేదా? ఏమో.

చెయ్యి పెట్టాను. బిళ్ళలు జరిగిన చప్పుడు చెవికి తెలిసింది. ఇంకా లోపలికి పెట్టాను, మోచేతి దాకా. మణికట్టు మీద వేడి తగిలింది, ఎండలో కాగిన ఇనుము. ఇంకొంచెం తిప్పాను. ఉన్నట్టుండి చల్లగా! మణికట్టు లోపలి పక్క, గాజులకు కింద, మంచు ముక్క పెట్టినట్టు. ఉంది, అది ఉంది! ఒప్పుకుంటాను, ఆ క్షణంలో సామ్సన్ గుర్తుకు రాలేదు, ఈరన్న గుర్తుకు రాలేదు. మా దినేష్ నోట్లో పండ్లన్నీ భద్రంగా కనపడ్డాయి, అంతే. చేతిని వెనక్కి లాగి ఆ చోటే వేళ్ళతో పట్టుకోబోయాను. వేళ్ళలోకి వచ్చింది అదో, పక్కదో! మణికట్టు చెప్పింది, వేళ్ళు వినలేదు. మళ్ళీ తోశాను, మళ్ళీ ఒకసారి చల్లగా తగిలి జారింది. మళ్ళీ వెతికాను. ఈసారి అన్నీ వేడి. జనంలో ఎవరో "ఏమక్కా, మునిగిపోతివా?" అన్నారు, అందరూ నవ్వారు. ఇంకొకడు "యాలప్పా ఇంతసేపు?" అన్నాడు, దానికి ఎవరూ నవ్వలేదు. వేళ్ళకు ఏది దొరికితే అది పట్టుకుని పైకి తీశాను. ఎవరి చేతిలోనో పెట్టాను. తువ్వాలు విప్పుకుని ముందు చూసింది నాగేష్ మొహం. నవ్వడానికి సిద్ధంగా ఉంది.

రాఘవేంద్ర నంబరు చదివాడు. తర్వాత పేరు చదివాడు. సామ్సన్.

నాగేష్ నవ్వు అట్లాగే నోట్లో ఉండిపోయింది. దినేష్ నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు, పలక పగిలిన రోజు చూసినట్టే చూశాడు. ఈలోపు సామ్సన్ మెట్లెక్కి వచ్చి, నా కుడిచెయ్యి తీసుకుని కళ్ళకు అద్దుకున్నాడు. వాడి కళ్ళు తడిగా ఉన్నాయని చూసి తెలుసుకున్నాను. "నేను సెప్పల్యా, నీ సెయ్యి మంచిదని" అన్నాడు. కింద వాళ్ళ సంఘం ఆడవాళ్ళు లేచి నిలబడి ఏడుస్తూ నవ్వుతున్నారు. "విప్పన్నా, విప్పు! ఒగ పాట వాయించు!" అని అరుపులు. నాగేష్ తేరుకుని, "ఇంటికి పోయి మంచి గడియలో ఇప్పుకో అన్నా, ఈడ దుమ్ము" అన్నాడు. "ఒగటే పాటప్పా. ఒగటే" అన్నాడు సామ్సన్. ఎవరో వైరు తెచ్చారు. ఎవరో ప్లగ్గు పెట్టారు. రిబ్బను విప్పారు, ప్లాస్టిక్ చించారు. సామ్సన్ చొక్కాకు చేతులు తుడుచుకుని, వేళ్ళు చాచి మెట్ల మీద మోపకుండా గాలిలో ఆపాడు. సుగ్గిలో చెక్క మీద కూడా ఇట్లాగే, మొదలుపెట్టే ముందు కాసేపు ఆగేవాడు. దేవుడా, వీడికి ఇంకో పలకని పెట్టె ఇచ్చింది నా చెయ్యి.

"ఆగు సామ్సనా. అది పలకదు."

ఇంత గట్టిగా వస్తుందనుకోలేదు. రాఘవేంద్ర చేతిలో మైకు నా పక్కనే ఉందని చూసుకోలేదు. మిల్లు గోడలకు తగిలి నా మాట నాకే తిరిగి వచ్చింది.

"వానకి తడిసి సచ్చిపోయింది. మావోనికి తెల్సు, నాకీ తెల్సు. సల్లటి బిళ్ళ తియ్యమన్యారు. నేను తియ్యబోతి. నా యేళ్ళకి తెలియకపాయ. అంతేగానీ, నా సెయ్యి మంచిది గాదు నాయనా."

సామ్సన్ ఒక మెట్టు నొక్కి చూశాడు. ఇంకొకటి నొక్కాడు. మెట్టు కిందికి దిగి పైకి వచ్చింది, టకటకమని చెక్క చప్పుడు. వాడు రెండు అరచేతులూ దాని మీద పెట్టి అట్లాగే నిలబడ్డాడు. మొదటి కుర్చీ మడిచిన చప్పుడు ఎక్కడి నుంచో వచ్చింది. తర్వాత ఇంకొకటి. నాగేష్ వేదిక మీద నుంచి దూకి కంచె వైపు పరుగెత్తాడు. దినేష్ పరుగెత్తలేదు. జనం మెట్ల దాకా వచ్చారు. నేను పోయి వాడి ముందు నిలబడ్డాను, వాడు నా వీపు వెనకకు వచ్చాడు, ఎప్పట్లాగే. వెనక్కి చెయ్యి చాచి వాడి చెయ్యి పట్టుకున్నాను. పట్టుకున్నానని బరువును బట్టి తెలిసింది. తల తిప్పి చూశాను. రెండు చేతులూ కలిపి వణుకుతున్నాయి. వణికేది వాడిదో, నాదో నా వేళ్ళు చెప్పలేదు.